బిడ్డ టీకా తేదీ మీ ఫోన్‌కే రావాలంటే: యూ-విన్‌లో నమోదు చేసుకునే విధానం

పుట్టిన రోజు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఆసుపత్రిలోనే వేస్తారు. 6, 10, 14 వారాల టీకాలకు కూడా ఎలాగోలా గుర్తుపెట్టుకుని తీసుకెళ్తాం. ఆ తర్వాత 9 నెలలు నిండే దాకా టీకా ఉండదు. దాదాపు ఆరు నెలల ఖాళీ. తల్లి పుట్టింటి నుంచి అత్తారింటికి వచ్చేది, పాపకు అన్నప్రాసన చేసేది, టీకా కార్డు ఏ సంచి అడుగుకో చేరేది కూడా ఈ రోజుల్లోనే. మీజిల్స్-రుబెల్లా మొదటి డోసు తప్పిపోయేది ఇలాగే.

ఆ తేదీని ఫోన్‌కు మెసేజ్ రూపంలో గుర్తుచేసే ప్రభుత్వ సేవ యూ-విన్. కోవిడ్ రోజుల్లో మనం వాడిన కో-విన్ తరహాలోనే దీన్ని తయారుచేశారు. 2023 జనవరిలో కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2024 అక్టోబర్ 29న దేశమంతటికీ అధికారికంగా వచ్చింది. గర్భిణులు, 16 ఏళ్ల వరకు పిల్లలు నమోదు కావచ్చు. నమోదుకూ, సర్కారు కేంద్రాల్లో వేసే టీకాలకూ పైసా కట్టక్కర్లేదు.

ఎవరు నమోదు చేస్తారు?

చాలామందికి ఆశా కార్యకర్తో, ఏఎన్‌ఎమ్మో ఇప్పటికే చేసి ఉంటారు. గర్భిణిగా పేరు ఎక్కితే, కాన్పు వివరాలు, పుట్టిన బిడ్డ వివరాలు ఆ తల్లి రికార్డుకే జతపడతాయి. కాబట్టి ముందుగా టీకా కార్డు పట్టుకుని మీ సబ్ సెంటర్‌కు వెళ్లి, ‘యూ-విన్‌లో మా పేరు ఉందా, ఏ నంబరు మీద ఉంది?’ అని అడగండి. ఉన్న పేరునే మళ్లీ కొత్తగా ఎక్కిస్తే రికార్డు రెండుగా చీలిపోతుంది.

పేరు లేకపోతే మీరే చేసుకోవచ్చు. యూ-విన్ వెబ్‌సైట్‌లో గానీ, యాప్‌లో గానీ మొబైల్ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీతో లోపలికి వెళ్లాలి. తల్లి లేదా తండ్రి గుర్తింపు కార్డు వివరాలు, బిడ్డ పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఇవ్వాలి. దగ్గర్లోని టీకా కేంద్రాన్ని ఎంచుకుని అపాయింట్‌మెంట్ కూడా తీసుకోవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. టీకాలు వేసే రోజున వెళ్తే సిబ్బందే అక్కడ నమోదు చేస్తారు. మన ఊళ్లలో అది సాధారణంగా బుధవారం, శనివారం.

ఒక్క జాగ్రత్త: ఓటీపీ మీరు నమోదు చేసుకునేటప్పుడు వచ్చేదే. ఎవరైనా ఫోన్ చేసి టీకా పేరు చెప్పి ఓటీపీ అడిగితే చెప్పకండి.

నంబరు దగ్గరే అసలు విషయం

ఈ దరఖాస్తు మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చెప్పేది దీని గురించే. మా అక్క పాపకు మా బావ నంబరు ఇచ్చారు. ఆయన వేరే ఊళ్లో పని చేస్తారు, ఫోన్‌లో వందల మెసేజ్‌లు. తొమ్మిదో నెల టీకా గుర్తుచేసే మెసేజ్ వాటి మధ్య పడి ఉంది, ఎవరూ చూడలేదు. రెండు నెలలు ఆలస్యంగా వేయించాం. ఆ రెండు నెలలూ పాపకు ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా మా అక్క పడిన భయం నాకు తెలుసు.

అందుకే బిడ్డను ఎవరు ఎత్తుకుని కేంద్రానికి వెళ్తారో వాళ్ల నంబరే ఇవ్వండి. అమ్మమ్మ తీసుకెళ్తే అమ్మమ్మ నంబరైనా పరవాలేదు. ఆశమ్మ నంబరు మాత్రం ఇవ్వకండి, ఆమెకు ఊరంతా పిల్లలే. సిమ్ మారితే ఆ వారమే ఏఎన్‌ఎంకు చెప్పి నంబరు మార్పించండి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే టీకాల తర్వాత మళ్లీ 5 ఏళ్లకు డీపీటీ బూస్టర్, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీకా). అన్నేళ్లు అదే సిమ్ ఉంటుందని ఎవరు చెప్పగలరు?

తర్వాత ఏమవుతుంది?

నమోదు అయినట్టు ఒక మెసేజ్, డోసు వేసినట్టు ఒకటి, తర్వాతి డోసు గడువు దగ్గరపడినప్పుడు మరొకటి వస్తాయి. క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్ కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రికార్డు ఆన్‌లైన్‌లో ఉంటుంది కాబట్టి, విజయవాడలో మొదలుపెట్టిన టీకాలను హైదరాబాద్‌లో కొనసాగించవచ్చు. వలస వెళ్లే కుటుంబాలకు ఇది చాలా పెద్ద ఆసరా. అయినా కాగితం కార్డు పారేయకండి.

డోసు వేసినా మెసేజ్ రాలేదంటే నంబరు తప్పు పడి ఉండొచ్చు, లేదా డోసు ఇంకా ఎక్కించి ఉండకపోవచ్చు. అదే కేంద్రంలో అడిగి సరిచేయించుకోండి. ఇక తేదీ దాటిపోయిందా? తిడతారేమోనని ఇంట్లో కూర్చోవద్దు. టీకాలన్నీ మొదటి నుంచి మళ్లీ వేయరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. కొన్నిటికి వయసు పరిమితి ఉంది కాబట్టి, వచ్చే టీకా రోజునే కార్డు తీసుకుని బిడ్డతో వెళ్లండి.