అపాచీ ఇంక్యుబేటర్‌లో మీ ప్రాజెక్టుకు చోటు: దరఖాస్తు విధానం

ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టులకు గొడుగు లాంటి అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు దరఖాస్తు అనగానే చాలామంది గ్రాంటు అనుకుంటారు. ఆ దరఖాస్తు వెళ్ళేది ఇంక్యుబేటర్‌కు, అంటే కొత్త ప్రాజెక్టులను అపాచీ పద్ధతులకు అలవాటు చేసే విభాగానికి. ఇక్కడ డబ్బు రాదు. కోడ్ రాసినందుకు ఈ సంస్థ ఎవరికీ జీతం ఇవ్వదు, దరఖాస్తుకు రుసుమూ తీసుకోదు. 1999లో అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడిన ఈ ఫౌండేషన్ ఇచ్చేవి వేరు: కోడ్ దాచుకునే సర్వర్లు, మెయిలింగ్ లిస్టులు, స్వచ్ఛందంగా పనిచేసేవారికి చట్టపరమైన అండ, ప్రాజెక్టు పేరును ఇంకెవరూ ఎగరేసుకుపోకుండా ట్రేడ్‌మార్కు కాపలా. బదులుగా ప్రాజెక్టు మీద మీ పెత్తనం వదులుకోవాలి. సొంత ఉత్పత్తికి పేరున్న ముద్ర వేయించుకుందామని చూసేవారు ఈ షరతు దగ్గరే ఆగి ఆలోచించుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాతి మెట్లన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఫౌండేషన్‌లో సభ్యత్వం మనుషులకే, కంపెనీలకు లేదు. స్పాన్సర్లు ఎంత విరాళం ఇచ్చినా ఆ డబ్బుతో ఏ ప్రాజెక్టులోనూ ఓటు రాదు. అయితే కంపెనీలో పుట్టిన ప్రాజెక్టులకు తలుపులు మూసి ఉన్నాయనుకోవద్దు. లింక్డ్‌ఇన్‌లో పుట్టిన కాఫ్కా అనే డేటా చేరవేత సాఫ్ట్‌వేర్ 2011లో ఇంక్యుబేటర్‌లో చేరి, 2012లో పూర్తిస్థాయి అపాచీ ప్రాజెక్టుగా బయటికి వచ్చింది.

ముందు ఛాంపియన్‌ను వెతుక్కోండి

ఫారం నింపి పంపితే పని మొదలు కాదు. మీ తరఫున నిలబడే ఛాంపియన్ కావాలి. ఆయనో ఆవిడో ఫౌండేషన్ లోపలి మనిషి అయి ఉండాలి. వీరితో పాటు దారి చూపే మెంటార్లు కావాలి, వారు ఇంక్యుబేటర్ కమిటీ సభ్యులై ఉండాలి. ముగ్గురైనా లేకపోతే తర్వాత ఇబ్బంది పడతారు. తెలిసినవారు లేకపోతే ఇంక్యుబేటర్ సాధారణ మెయిలింగ్ లిస్టులో ప్రాజెక్టును నాలుగు ముక్కల్లో పరిచయం చేసి అడగవచ్చు. పేరు పెద్దదని ఎవరినో ఒప్పించుకోవడం కన్నా వారంవారం మీ ఉత్తరాలు చదివే తీరిక ఉన్న మెంటార్ దొరకడం మేలు.

ప్రతిపాదన పత్రం

అసలు దరఖాస్తు ఇదే. ఇంక్యుబేటర్ వికీలో మూస ఉంది. ప్రాజెక్టు సారాంశం, నేపథ్యం, ఆవశ్యకత, తొలి కమిటర్ల (కోడ్‌ను నేరుగా మార్చే అధికారం ఉన్నవారి) జాబితా, వారు ఏయే సంస్థల్లో పనిచేస్తున్నారు, కోడ్ ఎక్కడినుంచి వస్తుంది, ఏ లైబ్రరీల మీద ఆధారపడుతుంది అన్నవి అందులో రాయాలి. లైబ్రరీల దగ్గర జాగ్రత్త. జీపీఎల్ లైసెన్సు (తనతో కలిపి పంచిన కోడ్‌నూ అదే లైసెన్సు కింద ఇవ్వాలనే షరతు ఉన్నది) ఉన్న కోడ్‌ను అపాచీ ప్రాజెక్టులో కలిపి విడుదల చేయడానికి వీల్లేదు. అలాంటివి ఉంటే ఎప్పటిలోగా, ఎలా తొలగిస్తారో ముందే చెప్పండి.

పరిశీలించేవారు కళ్ళు పెట్టి చూసేది మాత్రం ‘తెలిసిన రిస్కులు’ అన్న భాగాన్ని. కమిటర్లందరూ ఒకే కంపెనీ వాళ్ళా? జీతం ఆగితే ప్రాజెక్టు అనాథ అవుతుందా? ఓపెన్ సోర్స్‌లో మీకు అనుభవం ఉందా? అపాచీ పేరు మీద అతి మోజుతో వస్తున్నారా అని కూడా ఒక శీర్షిక సూటిగా అడుగుతుంది! మన ఉద్యోగ దరఖాస్తుల అలవాటులో ఇక్కడ ‘రిస్కులేమీ లేవు’ అని రాసేస్తే నమ్మేవారు ఉండరు. ‘ఆరుగురిలో ఐదుగురు ఒకే సంస్థ వాళ్ళం, బయటివారిని ఇలా చేర్చుకోబోతున్నాం’ అని ఉన్నది ఉన్నట్టు రాసిన పత్రానికే బలం ఎక్కువ. లోపం ఉండటం అనర్హత కాదు, ఆ లోపాలు సరిదిద్దుకోవడానికే ఇంక్యుబేటర్ ఉంది.

చర్చ, ఓటు

ప్రతిపాదనను మెయిలింగ్ లిస్టులో చర్చకు పెడతారు. ప్రశ్నలు వస్తాయి, కొన్ని మొహం మీద కొట్టినట్టే ఉంటాయి. అక్కడే, అందరికీ కనిపించేలా జవాబివ్వండి. విడిగా ఫోనులో మాట్లాడుకుని తేల్చుకున్న సంగతికి అపాచీలో విలువ లేదు. చర్చ సద్దుమణిగాక ఛాంపియన్ ఓటింగ్ పిలుస్తారు. అది కనీసం 72 గంటలు నడుస్తుంది, ఎందుకంటే సభ్యులు ప్రపంచమంతా వేర్వేరు వేళల్లో మేలుకుని ఉంటారు. ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు గానీ, ఇంక్యుబేటర్ కమిటీ సభ్యుల ఓట్లే లెక్కకు వస్తాయి.

సంతకాలు

ఓటు నెగ్గాక కాగితాల పని. ప్రతి కమిటర్ వ్యక్తిగత కాంట్రిబ్యూటర్ లైసెన్సు ఒప్పందం మీద సంతకం చేసి, ఆ పత్రాన్ని ఫౌండేషన్ సెక్రటరీకి ఈ-మెయిల్ చేయాలి. సంతకం స్థానంలో పేరు టైపు చేస్తే కుదరదు. పూర్తి పేరు అడిగిన చోట ఇనిషియల్‌తో సరిపెట్టకుండా ఇంటిపేరు విప్పి రాయండి. బయటికి వేరే పేరుతో కనిపించాలనుకుంటే దానికి విడిగా గడి ఉంది.

ఈ ఒప్పందంతో కాపీరైటు మీ దగ్గరే ఉంటుంది, ఫౌండేషన్‌కు వాడుకునే, పంచే హక్కు మాత్రం ఇస్తారు. కానీ అందులో ఒక వాక్యం హైదరాబాద్, బెంగళూరు ఐటీ ఉద్యోగులు రెండుసార్లు చదవాలి: మీరు రాసిన కోడ్ మీద మీ యజమానికి హక్కులుంటే, ఆ సంస్థ అనుమతి తీసుకున్నానని మీరే హామీ ఇస్తున్నారు. ఖాళీ వేళల్లో రాసిన కోడ్ కూడా తమదేననే నిబంధన ఉద్యోగ ఒప్పందంలో ఉందేమో ముందుగా చూసుకోండి. అవసరమైతే సంస్థ చేత కార్పొరేట్ కాంట్రిబ్యూటర్ లైసెన్సు ఒప్పందం మీద సంతకం పెట్టించండి. ఇప్పటికే ఉన్న కోడ్‌ను అప్పగించడానికి సాఫ్ట్‌వేర్ గ్రాంట్ పత్రం వేరు. ప్రాజెక్టు పేరు మీద ట్రేడ్‌మార్కు హక్కులు మాత్రం ఫౌండేషన్‌కు బదిలీ కావాలి. ఆ పేరు ఇంకెక్కడైనా వాడుకలో ఉందా అన్న తనిఖీ వీలైనంత త్వరగా చేయించుకోండి. జనం నోళ్ళలో నానాక పేరు మార్చుకోవడం కష్టం.

పాడ్లింగ్ దశ

ఇంక్యుబేటర్‌లో ఉన్నంత కాలం మీ ప్రాజెక్టును పాడ్లింగ్ అంటారు. మొదటి మూడు నెలలు నెలకో నివేదిక, తర్వాత మూడు నెలలకోసారి. ప్రతి విడుదల పేరులోనూ అది ఇంకా ఇంక్యుబేషన్‌లో ఉందని తెలియాలి. విడుదలకు ముందు మీ బృందం ఓటు, ఆ పైన ఇంక్యుబేటర్ కమిటీ ఓటు రెండూ దాటాలి. మొదటి విడుదల లైసెన్సు ఫైళ్ళ దగ్గర వెనక్కి రావడం మామూలే.

ఈ దశకు గడువు లేదు. బయటివారు కమిటర్లుగా చేరి, నిర్ణయాలు అందరి ఎదుటా జరుగుతూ, విడుదలలు నియమం ప్రకారం వస్తున్నాయని తేలాక బృందం, ఇంక్యుబేటర్ కమిటీ ఓటు వేస్తాయి. చివరికి ఫౌండేషన్ బోర్డు తీర్మానంతో పూర్తిస్థాయి ప్రాజెక్టు అవుతుంది. అప్పటికీ పనిచేసే మనుషులను ఫౌండేషన్ సమకూర్చదు. బెంగళూరు కంపెనీ ఇన్మోబిలో పుట్టిన ఫాల్కన్ అనే ప్రాజెక్టు 2013లో ఇంక్యుబేటర్‌లో చేరి పూర్తిస్థాయికి ఎదిగింది, నడిపేవారు కరువై 2019లో అటకెక్కింది. అపాచీలో అలాంటి ప్రాజెక్టులను పెట్టే విభాగం పేరు నిజంగానే ‘అటిక్’, అంటే అటక. కోడ్ అక్కడే ఉంది, కావాలనుకున్నవారు లైసెన్సు ప్రకారం తీసుకుని వాడుకోవచ్చు.