సీఎస్ఎస్‌లో వరుస స్థానాన్ని బట్టి రంగులు వేయడం ఎలా?

సీఎస్ఎస్ అంటే వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే భాష. పేజీలోని పట్టికలో వరుస విడిచి వరుసకు లేత రంగు వేయాలనుకోండి. ప్రతి రెండో వరుసకూ చేత్తో ఒక క్లాస్ (మనం పెట్టే గుర్తు పేరు) తగిలిస్తూ పోవచ్చు. రేపు మధ్యలో ఒక కొత్త వరుస చేరిందా, అక్కడి నుంచి రంగులన్నీ తలకిందులవుతాయి. ఆ లెక్కేదో బ్రౌజర్‌నే పెట్టుకోనివ్వండి. ఇక్కడ కోడ్‌ను పలికినట్టు రాస్తున్నాను, మీరు మాత్రం ఆంగ్ల అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ముందు సులువైనవి. జాబితాలో ఒక్కో అంశానికి వాడే ట్యాగ్ ఎల్ఐ. మొదటి అంశానికి ఎల్ఐ:ఫస్ట్-చైల్డ్, చివరిదానికి ఎల్ఐ:లాస్ట్-చైల్డ్. కోలన్‌కు ముందు ఖాళీ వదలకండి. వదిలితే ‘ఎల్ఐ లోపల ఉన్న మొదటి బిడ్డ’ అని అర్థం మారిపోతుంది, తప్పు ఎక్కడుందో వెతకడానికి పూట పడుతుంది.

ఇప్పుడు పట్టిక. అందులో వరుసకు వాడే ట్యాగ్ టీఆర్. టీఆర్:ఎన్‌త్-చైల్డ్(ఈవెన్) అని రాసి నేపథ్య రంగు ఇస్తే సరి సంఖ్య వరుసలకు రంగు పడుతుంది. బేసి వరుసలకైతే ఆడ్.

తర్వాత సూత్రం. బ్రాకెట్లలో 3ఎన్+1 అని రాస్తే, ఎన్ స్థానంలో బ్రౌజర్ 0, 1, 2 అని వేసుకుంటూ పోయి 1, 4, 7 స్థానాలను పట్టుకుంటుంది. ఎన్ సున్నాతో మొదలైనా, స్థానాల లెక్క మాత్రం ఒకటి నుంచే. మొదటి మూడింటికి -ఎన్+3 అని రాయాలి: 3, 2, 1 వస్తాయి, ఆ తర్వాత వచ్చే సున్నా, రుణ సంఖ్యల్లో ఏ ఎలిమెంటూ ఉండదు కదా. 3 నుంచి 6 వరకే కావాలంటే :ఎన్‌త్-చైల్డ్(ఎన్+3), :ఎన్‌త్-చైల్డ్(-ఎన్+6) రెంటినీ ఖాళీ లేకుండా పక్కపక్కనే తగిలించండి.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఒక పెట్టెలో ముందు హెచ్2 శీర్షిక, దాని కింద మూడు పేరాలు ఉన్నాయి. మొదటి పేరా అక్షరాలు పెద్దవి చేద్దామని పీ:ఫస్ట్-చైల్డ్ అని రాస్తే ఏమీ జరగదు. బ్రౌజర్ పేరాలను విడిగా లెక్కించదు. ఆ పెట్టెలోని తోబుట్టువులందరినీ కలిపి లెక్కించి, మొదటి స్థానంలో ఉన్నది పేరా అవునా కాదా అని మాత్రమే చూస్తుంది. అక్కడ ఉన్నది శీర్షిక. పీ:ఫస్ట్-ఆఫ్-టైప్ అని రాయండి, పని అవుతుంది. అయితే ఈ ‘టైప్’ అంటే ట్యాగ్ మాత్రమే, క్లాస్ కాదు. క్లాస్‌ను బట్టి లెక్కించాలంటే :ఎన్‌త్-చైల్డ్(2 ఆఫ్ .కార్డ్) అనే రూపం ఉంది. 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ దీన్ని అర్థం చేసుకుంటున్నాయి.

వెతుకుడు పెట్టె ఉన్న పట్టికలకు ఇదే అక్కరకొస్తుంది. కొన్ని వరుసలను దాచేసినా బ్రౌజర్ వాటిని లెక్కలోంచి తీసేయదు, అందుకే ఒకే రంగు వరుసలు పక్కపక్కన చేరి వికారంగా కనిపిస్తాయి. వరుసలను హిడెన్ అనే యాట్రిబ్యూట్‌తో దాచి, టీఆర్:ఎన్‌త్-చైల్డ్(ఈవెన్ ఆఫ్ :నాట్([హిడెన్])) అని రాస్తే కనిపించే వరుసలకే లెక్క పడుతుంది.