ఇన్‌స్టాల్ ఆగిపోయిందా? ఏపీటీని తిట్టే ముందు ఇవి చూడండి

ఉబుంటు సర్వర్‌లో ప్యాకేజీ ఎక్కకపోతే చాలామంది ముందుగా ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ ఫైలు తెరిచి మిర్రర్ (ప్యాకేజీలిచ్చే సర్వర్) మారుస్తారు. దాని జోలికి పోకండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువవాటికి ప్యాకేజీలు ఎక్కించే ఏపీటీ కమాండుతో సంబంధమే లేదు. కేబులో, అడ్రసో, గేట్‌వేనో (బయటికి దారి చూపే రౌటర్), డీఎన్‌ఎస్సో (పేరుకు ఐపీ అడ్రసు చెప్పేది) తేడా చేసింది. ఇక్కడ రాసినవి 22.04, 24.04 వెర్షన్లకు సరిపోతాయి. కమాండ్లు పలికే తీరులో రాశాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టాలి. సెట్టింగులు మార్చే ప్రతి కమాండుకీ ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) ఉండాలి.

సమస్య: "టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్" అంటోంది

ఏపీటీ అప్‌డేట్ కొట్టగానే వచ్చే లైను ఇది. ఉబుంటు ఆర్కైవ్ పేరుకు ఐపీ అడ్రసు ఏదో సర్వర్‌కు దొరకలేదన్నమాట. టెంపరరీ అంది కదా అని కూర్చుంటే సాయంత్రం దాకా అదే మాట చెబుతుంది.

పింగ్ 8.8.8.8 కొట్టండి. జవాబు వస్తే లైను బాగుంది, తప్పు డీఎన్‌ఎస్‌ది. రాకపోతే తర్వాతి సమస్యకు వెళ్ళండి.

డీఎన్‌ఎస్ అని తేలాక అందరి చెయ్యీ రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు మీదికే పోతుంది. అందులో 127.0.0.53 కనబడగానే ఇదే తప్పనుకుని చెరిపేస్తారు. అది తప్పు కాదు. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే సర్వీసు ఆ అడ్రసులో కూర్చుని, అడిగిన పేర్లను అసలు డీఎన్‌ఎస్ సర్వర్‌కు పంపుతుంది. ఆ ఫైలును రాసేదీ అదే కాబట్టి మీరు మార్చింది నిలవదు. రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే అసలు డీఎన్‌ఎస్ సర్వర్ ఏదో కనబడుతుంది. అక్కడేమీ లేకపోతే ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లోని యామల్ ఫైలు (నెట్‌వర్క్ సెట్టింగులు ఉండేది) తెరిచి, మీ నెట్‌వర్క్ కార్డు పేరు కింద నేమ్‌సర్వర్స్, దాని కింద అడ్రసెస్ అని పెట్టి మీ రౌటర్ అడ్రసు గానీ 1.1.1.1 లాంటిది గానీ ఇవ్వండి.

సమస్య: అంకెలకు పింగ్ చేసినా జవాబు లేదు

ముందు ఐపీ లింక్ కొట్టండి. కార్డు పక్కన "నో క్యారియర్" అని ఉంటే లేచి వెళ్ళి కేబుల్ చూడండి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఊడిపోయిన కేబుల్ పక్కనే కూర్చుని అరగంట సేపు సెట్టింగులు మార్చినవాణ్ణి నేను.

కేబుల్ సరిగా ఉంటే ఐపీ అడ్రస్ అనే కమాండు కొట్టండి. కార్డుకు అడ్రసే లేకపోతే యామల్ ఫైలులో రాసిన కార్డు పేరూ ఇక్కడ కనిపించే పేరూ ఒకటేనా అని పోల్చండి. ఈఎన్‌పీ2ఎస్0 లాంటి పేర్లు కార్డు ఏ స్లాటులో ఉందన్న దాన్నిబట్టి వస్తాయి. హార్డ్‌డిస్క్ తీసి వేరే మెషీన్లో పెట్టినా, కొత్త కార్డు గుచ్చినా పేరు మారిపోవచ్చు.

అడ్రసు ఉంటే ఐపీ రౌట్ కొట్టండి. డిఫాల్ట్ అనే మాటతో మొదలయ్యే లైను లేకపోతే సర్వర్‌కు బయటి దారి తెలియదు. పాత పాఠాల్లో గేట్‌వే4 అని రాయమంటారు. అది పాతబడింది, నెట్‌ప్లాన్ హెచ్చరిక ఇస్తుంది. ఇప్పుడు రౌట్స్ కింద టు దగ్గర డిఫాల్ట్ అనీ, వయా దగ్గర 192.168.1.1 లాంటి మీ రౌటర్ అడ్రసూ రాయాలి.

సమస్య: నెట్‌ప్లాన్ ఫైలునే ఒప్పుకోవడం లేదు

యామల్‌కు ట్యాబ్ పడదు, ప్రతి జరుపూ స్పేసులతోనే. ఒకే మెట్టులో ఉండాల్సిన లైన్లు ఒకే నిలువులో ఉండాలి. ఐపీ చివర నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే /24 లాంటిది మరిచిపోయినా ఒప్పుకోదు. "పర్మిషన్లు మరీ తెరిచి ఉన్నాయి" అనే హెచ్చరిక మాత్రం ఎర్రర్ కాదు; ఆ ఫైలుకు సీహెచ్‌మాడ్ 600 కొడితే పోతుంది.

సమస్య: ఐపీ మార్చగానే సర్వర్ చేతికి అందలేదు

ఇది నా సొంత అనుభవం. రాత్రి ఇంట్లో కూర్చుని ఆఫీసు సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్ళి, గేట్‌వేలో ఒక అంకె తప్పు రాసి, మార్పులను అమల్లోకి తెచ్చే నెట్‌ప్లాన్ అప్లై కొట్టాను. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడమంటే అదే. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెల్లారి వాచ్‌మన్ తాళం తీసేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

అప్పటినుంచి దూరంగా ఉన్నప్పుడు అప్లై కొట్టను, నెట్‌ప్లాన్ ట్రై కొడతాను. 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగులు వాటంతటవే తిరిగొస్తాయి. ఇందులో ఒక చిక్కుంది. ఐపీ అడ్రసునే మారుస్తుంటే పాత సెషన్ తెగిపోతుంది కాబట్టి ఎంటర్ నొక్కడం కుదరదు. అందుకని అడ్రసెస్ జాబితాలో పాతదీ కొత్తదీ రెండూ పెట్టి ట్రై చేయండి, ఎంటర్ నొక్కండి. తర్వాత కొత్త అడ్రసుతో లాగిన్ అయ్యి, అక్కడినుంచి పాతది తీసేయండి.

యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌తోనూ ఇంతే జాగ్రత్త. యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ కొట్టాకే ఎనేబుల్ చేయండి.

సమస్య: రీబూట్ చేస్తే పాత ఐపీ తిరిగొచ్చింది

మీరు మార్చిన ఫైలు పేరు 50తో మొదలై క్లౌడ్ ఇనిట్ అని ఉందా? అయితే దాన్ని క్లౌడ్ ఇనిట్ (బూట్ అయ్యేటప్పుడు సర్వర్ సెట్టింగులు పెట్టే సర్వీసు) మళ్ళీ రాసి ఉంటుంది. మార్పులు నిలవవని ఫైలు నెత్తినే ఉంటుంది, మనం చదవం. ఈటీసీలో క్లౌడ్ ఫోల్డర్, దానిలో క్లౌడ్ డాట్ సీఎఫ్‌జీ డాట్ డీ ఫోల్డర్ ఉంటుంది. అక్కడ డాట్ సీఎఫ్‌జీతో ముగిసే కొత్త ఫైలు పెట్టి, నెట్‌వర్క్ కింద కాన్ఫిగ్ విలువ డిసేబుల్డ్ అని రాస్తే ఇక ముట్టుకోదు.

సమస్య: లాక్ దొరకడం లేదంటోంది

ఒకేసారి రెండు ఇన్‌స్టాళ్ళు నడవకుండా ఆపేదే లాక్. చాలాసార్లు సర్వర్ తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటూ ఉంటుంది, అంతే. కాసేపు ఆగండి. లాక్ ఫైలును డిలీట్ చేయమనే సలహా వినొద్దు, ప్యాకేజీల లెక్కలు చెడిపోవచ్చు. మధ్యలో కరెంటు పోయి ఆగిపోయినదైతే డీపీకేజీ, ఖాళీ వదిలి రెండు గీతలు, కాన్ఫిగర్, ఖాళీ వదిలి గీత ఏ అని కొడితే మిగిలిన పని పూర్తి చేస్తుంది.

సమస్య: "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్"

సర్వర్ గడియారం వెనకబడింది. పాత డెస్క్‌టాప్‌ను సర్వర్‌గా వాడేచోట ఇది మామూలే. బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ గీత ఎన్‌టీపీ ట్రూ కొట్టండి, బ్యాటరీ కూడా మార్చండి. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులోనూ ఇస్తారు.

సమస్య: అంతా ఎక్కింది, పక్క సిస్టమ్ నుంచి మాత్రం తెరుచుకోదు

ఎస్ఎస్ కమాండును గీత టీఎల్ఎన్‌పీతో కొట్టి, మీ సర్వీసు ఏ అడ్రసులో వింటోందో చూడండి. 127.0.0.1 అయితే అది తన మెషీన్‌కే పలుకుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా అలాగే వస్తుంది. దాని కాన్ఫిగ్‌లో లిజన్ అడ్రసెస్ మార్చి, ఎవరు కనెక్ట్ కావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలులో మీ ఆఫీసు నెట్‌వర్క్‌కు మాత్రమే అనుమతి రాసి, సర్వీసు రీస్టార్ట్ చేయండి. 0.0.0.0 (అన్ని అడ్రసుల్లోనూ వింటోందని అర్థం) అని ఉండి కూడా తెరుచుకోకపోతే సుడోతో యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ చూడండి, ఆ పోర్టు జాబితాలో ఉండకపోవచ్చు.