పెద్ద బండి ఇంజన్‌లో బోరు నీళ్లు పోయకండి

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. ఆరేళ్ల కింద ఢిల్లీ నుంచి ఒక జర్మన్ ఎస్‌యూవీ తెచ్చుకున్నాను. మూడు లీటర్ల డీజిల్, ఆరు సిలిండర్లు. అప్పటికే ఎనిమిదేళ్ల బండి, మీటరు మీద 78,000. ఇప్పుడు 1,64,000 దాటింది, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. నేను మెకానిక్‌ని కాదు. మిల్లులో జనరేటర్ ఎలా చూసుకుంటానో దీన్నీ అలాగే చూసుకున్నాను, అంతే.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. 2025లో అదే కోర్టు దాన్ని కొంత సడలించేదాకా, అక్కడివాళ్లు ఎనిమిదో ఏడు రాగానే అమ్మకానికి పెట్టేవాళ్లు. ధర వింటే ఎవరికైనా నోరూరుతుంది. ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేయండి. ఆ పైన రెండు లక్షలు మొదటి ఏడాది రిపేర్లకని పక్కన పెట్టగలిగితేనే ముందుకు వెళ్లండి. లేకపోతే అదే డబ్బుకు చిన్న కారు కొత్తది కొనుక్కుంటే ఏ టెన్షన్ ఉండదు.

బండి చూడడానికి తెల్లారే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. టీ తాగొస్తానని చెప్పి వచ్చేయండి, మర్నాడు చెప్పకుండా వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్టయిన మొదటి రెండు మూడు సెకన్లే మనకు కావాలి. అప్పుడు గరగరమని గొలుసు జారిన చప్పుడు వస్తే టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులను వేళకు తెరిపించే గొలుసు) వదులైందేమో అని అనుమానించాలి. బీఎండబ్ల్యూ రెండు లీటర్ల ఎన్47, ఆడీ మూడు లీటర్ల వీ6 లాంటి డీజిళ్లలో ఈ చైన్ గేర్‌బాక్స్ వైపు, ఇంజన్ వెనక ఉంటుంది. చైన్ ధర పెద్దది కాదు, దాన్ని చేరడానికి ఇంజనో గేర్‌బాక్సో దించాలి, ఆ కూలీయే నడుం విరుస్తుంది.

చప్పుడు బాగుంటే, ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పి, బిగించకుండా ఊరికే పైన పెట్టండి. కొంచెం అదిరితే ఫర్వాలేదు. పొగతో పాటు మూత ఎగిరిపడితే పిస్టన్ రింగులు అరిగాయనుకోండి. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టించడం మర్చిపోవద్దు. మీటరు వెనక్కి తిప్పినవాడు గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉన్న కిలోమీటర్లు మార్చడం ఒక్కోసారి మర్చిపోతాడు.

ఇక ఆయిల్. డిస్‌ప్లే మీద సర్వీసుకు ఇంకా 14,000 కిలోమీటర్లుందని చూపిస్తుంది. చూపించనివ్వండి. నేను 8,000కే మారుస్తాను. బండి తిరగకపోయినా ఏడాదికోసారి తప్పదు. ఇలాంటి ఇంజన్లకు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లీటర్ల దాకా పడుతుంది, ఖర్చే. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయాలి. డబ్బా వెనక బీఎండబ్ల్యూకైతే ఎల్‌ఎల్-04, మెర్సిడెస్‌కైతే 229.51, ఆడీకైతే 507.00 అని ఉందో లేదో చదవండి. ముందువైపు రాసిన గొప్పలు చదవక్కర్లేదు.

పాత ఆయిల్ ఫిల్టర్‌ను చెత్తలో వేయనివ్వను. దాని కాగితం మడతలు బ్లేడుతో కోసి, పాత పేపర్ మీద పరిచి, ఎండలోకి తీసుకెళ్తాను. నల్లగా ఉంటే మామూలే. మడతల మధ్య చమ్కీలా మెరిస్తే అది లోహం. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటకుండా మెరిస్తే బేరింగ్ పొరేమో చూడాలి. మొదటిసారి నాకు సన్నటి ప్లాస్టిక్ ముక్క దొరికింది. చైన్‌ను దారిలో ఉంచే గైడుదని అనుమానం వచ్చి తీయించి చూస్తే ఎవరో పాత మూత సీలు లోపల పడేసి పోయారు. బతికిపోయాను.

మా ఇంటి నుంచి మిల్లుకు మూడు కిలోమీటర్లు. పెద్ద డీజిల్‌కు ఇంత చిన్న తిరుగుడు పడదు. డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, ఆ పని మధ్యలో బండి ఆపేస్తుంటే ఆ డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ లెవెల్ తగ్గకుండా పెరుగుతోందంటే సంతోషించకండి, పల్చబడుతోందని అర్థం. అందుకే వారానికోసారి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కి, అరగంటకు పైగా ఒకే స్పీడులో నల్గొండ వైపు వెళ్లొస్తాను. మా ఆవిడ దీన్ని షికారు అంటుంది.

మిల్లు ఊక, బూడిద వల్ల ఎయిర్ ఫిల్టర్ 3,000కే తీసి చూస్తాను. డీజిల్ ఫిల్టర్ 20,000కు. ట్యాంకు అడుగంటనివ్వను. హై ప్రెజర్ పంపుకు డీజిలే కందెన, గాలి పీల్చిందంటే అరిగిన లోహం పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది.

అసలు సంగతి నీళ్లది. తెచ్చిన మొదటి మే నెలలో, నార్కట్‌పల్లి దగ్గర, కూలంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉండే ప్లాస్టిక్ ట్యాంకు పగిలింది. డ్రైవర్ పక్కన హోటల్ బోరు నుంచి రెండు బిందెలు తెచ్చి పోస్తూ, కారుతుంటే మళ్లీ పోస్తూ ఇల్లు చేర్చాడు. నేనూ మెచ్చుకున్నాను. మూడు నెలలకు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలంట్ దారి తెరిచే వాల్వు) తీస్తే అంచు చుట్టూ తెల్లటి పెచ్చు, మన నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేదే. మా మెకానిక్ భాయ్ దాన్ని గోటితో గీకి చూపించి, "సేట్, ఫ్లోరైడ్ నీళ్లని మనుషులమే తాగలేకపోయినం. ఇంజన్‌కెట్ల తాపిచ్చినవ్?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, కూలంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించాను. కూలంట్‌ను రంగు చూసి కొనకండి, మాన్యువల్‌లో ఇచ్చిన నంబరు చూసి కొనండి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ట్యాంకు, పైపులు, థర్మోస్టాట్, వాటర్ పంపు పగిలేదాకా చూడకుండా ఒకేసారి మార్పించండి. ఇంజన్ వేడి చూపించే మీటరు ముల్లును కూడా నమ్మకండి. చాలా బండ్లలో వేడి కొంత పెరిగినా అది మధ్యలోనే నిలబడి ఉంటుంది. స్టీరింగ్ కింద పోర్టులో పెట్టే చిన్న స్కానర్ ఒకటి కొంటే ఫోన్‌లో అసలు డిగ్రీలు కనిపిస్తాయి. మామూలుగా ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకోండి. దానికి పది పదిహేను డిగ్రీలు పైకి ఎక్కి దిగకపోతే ఏసీ ఆపి, బండి పక్కకు తీయండి. ఇంజన్ తల భాగం (సిలిండర్ హెడ్) అల్యూమినియం, వంకరపోయిందంటే రెండు లక్షలు చాలవు. కూలంట్ ట్యాంకు మూత మాత్రం ముప్పావు గంట దాకా ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

ఇప్పుడు డిక్కీలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఎప్పుడూ ఉంటుంది. దాని మీద స్కెచ్ పెన్‌తో "తాగేది కాదు" అని రాశాను, డ్రైవర్ ఒకసారి మూత తీశాడు మరి.