మోకాలి చిప్ప నొప్పికి వ్యాయామం: చెడేది మెట్టు దిగే దగ్గరే

పద్మాక్షి గుట్ట ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడు చిప్ప వెనక సలుపు. హన్మకొండలో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేసరికి మళ్లీ అదే నొప్పి. ఇది మీ కథే అయితే చదవండి. మోకాలు వాచినా, పట్టేసినా, పడి దెబ్బ తగిలినా ముందు డాక్టర్‌కు చూపించండి.

కావలసినవి చాప, తువ్వాలు, అద్దం, 4 అంగుళాల ఎత్తున్న కదలని పీట. చెప్పులు వద్దు.

కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, తొడ బిగించి 5 లెక్కపెట్టి వదలండి. 10 సార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని కాలును వంచకుండా అడుగు ఎత్తు లేపండి, అదీ 10. ఆపైన పక్కకు తిరిగి, మోకాళ్లు మడిచి, మడమలు కలిపే ఉంచి పై మోకాలు తెరవండి. నొప్పి మోకాలిదైతే పిరుదుకు పనేంటని అడుగుతారు. కాజీపేట వాళ్లకు చెప్పక్కర్లేదు: చిప్ప రైలైతే తొడ ఎముక పట్టా. పిరుదులో బలం లేకపోతే పట్టానే లోపలికి తిరుగుతుంది.

చిప్పను కదిలించాలంటే తొడ పూర్తిగా వదులు చేసి, బయటి అంచును బొటనవేళ్లతో మెల్లగా లోపలికి జరపండి. అరనిమిషం చాలు. నూనె పోసి చిప్పను కిందికి అదిమి రుద్దేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక అసలు పని. నొప్పి ఉన్న కాలితో పీట మీద నిలబడండి. రెండో కాలి మడమను ముందుకు, 3 లెక్కపెడుతూ నేలకు దించండి. మడమ నేలను తాకాలంతే, బరువు వేయొద్దు. మళ్లీ పీట మీదున్న కాలి బలంతోనే లేవండి. 8 సార్లు.

అందరూ ధబ్బుమని దిగిపోతారు. దిగేటప్పుడు శరీరాన్ని ఆపి పట్టుకోవడమే తొడకు పని, ధబ్బుమంటే ఆ పనే జరగదు. అద్దంలో చూడండి: మోకాలు రెండో వేలి మీదుగా వంగాలి. బొటనవేలు దాటి లోపలికి పోయినా, నడుము ఒక పక్కకు జారినా అక్కడే ఆపండి. తప్పుగా 20 చేసేకన్నా సరిగ్గా 3 మేలు.

నొప్పి 10కి 3 దాకా ఫర్వాలేదు, మర్నాటికి తగ్గిపోతే. తగ్గకపోతే పీట తీసేసి, అంతకన్నా ఎత్తు తక్కువున్న మందపాటి పుస్తకం పెట్టుకోండి. నేనూ మొదట్లో తొందరపడి ఇంటి మెట్టు మీదే మొదలుపెట్టి 2 వారాలు కుంటుతూ నడిచాను.

రోజు విడిచి రోజు, కనీసం 6 వారాలు. అంతవరకు గొంతుక్కూర్చోవడం తగ్గించండి. మోకాలి పట్టీ (knee cap) తొడుక్కుని మాత్రం చేయొద్దు, మోకాలు ఎటు పోతోందో అద్దంలో సరిగ్గా కనబడదు.