మెయిల్ పంపాం, ఇన్‌బాక్స్‌కు చేరలేదు: లోపం ఎక్కడ?

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేసిన నూలు తివాచీలు) అమ్మే ఒక కుటుంబం పండుగకు ముందు కొత్త రంగుల ఫొటోలతో పాత కొనుగోలుదారులందరికీ మెయిల్ పంపింది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు అది. వారం గడిచినా ఒక్క జవాబు రాలేదు. ఫోన్ చేస్తే, "మాకేమీ రాలేదండీ" అన్నారు. వెతికిస్తే స్పామ్‌లో దొరికింది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా సబ్జెక్ట్ లైను మారుస్తారు. 'ఉచితం' తీసేసి 'కానుక' అని రాస్తారు. నేను చూసినంతలో రోగం అక్కడ ఉండేది చాలా తక్కువ. ఆ ఇంటి మెయిళ్లు సరిచేస్తూ నేర్చుకున్నది, ఆ తర్వాత మరికొన్ని దుకాణాల్లో చూసినది ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: మొదటి రోజు నుంచీ అందరికీ స్పామ్‌లోకే పోతోంది

ముందు మీ సొంత జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపుకోండి. కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు ఉండాలి, మూడింటి పక్కనా 'పాస్' అని కనిపించాలి. వరుస లేకపోయినా, 'పాస్' అని లేకపోయినా లోపం దొరికినట్టే.

మన డొమైన్ పేరుతో, అంటే చిరునామాలో @ తర్వాత వచ్చే పేరుతో, మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో ప్రకటించే జాబితా ఎస్‌పీఎఫ్. ప్రతి మెయిల్‌పై పడే డిజిటల్ ముద్ర డీకిమ్. దారిలో మెయిల్‌ను మారిస్తే ఆ ముద్ర చెల్లదు. ఈ రెండింటిలో కనీసం ఒకటైనా నెగ్గి, పంపినవారి చిరునామాలోని డొమైన్‌తో సరిపోలిందా అని చూసేది డీమార్క్. సరిపోలకపోతే ఏం చేయాలో చెప్పేదీ అదే.

కొత్తవాడ ఇంట్లో తప్పు ఎస్‌పీఎఫ్ దగ్గరే దొరికింది. వెబ్‌సైట్ చేసిన వ్యక్తి డొమైన్ సెట్టింగుల్లో ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు (ఆ జాబితా రాసే వరుస) పెట్టారు, తర్వాత మెయిల్ సేవను కలిపిన వ్యక్తి ఇంకొకటి చేర్చారు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే ఒక్కటీ చెల్లదు. రెండింటినీ కలిపి ఒకే వరుసగా రాశాం. అలా కలిపేటప్పుడు డీఎన్‌ఎస్ (డొమైన్ల వివరాలుండే ఇంటర్నెట్ చిట్టా) వెతుకులాటలు 10 దాటకుండా చూసుకోవాలి. దాటినా తనిఖీ విఫలమవుతుంది. డీమార్క్‌ను మొదట 'నన్' (ఏమీ చేయవద్దు, గమనించు) విధానంతో పెట్టండి. మెయిల్ సంస్థలు పంపే డీమార్క్ నివేదికలు చూసి, మన మెయిళ్లన్నీ నెగ్గుతున్నాయని తేలాకే 'క్వారంటైన్'కు (స్పామ్‌లో వేయి), ఆపైన 'రిజెక్ట్'కు (తిప్పికొట్టు) వెళ్లండి.

ఉచిత జీమెయిల్ చిరునామాను పెట్టి వేరే సంస్థ సర్వర్ నుంచి టోకుగా పంపితే ఈ సరిపోలిక ఎప్పటికీ కుదరదు. సొంత డొమైన్ తీసుకోవడమే దారి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నియమాలను బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి మూడూ తప్పనిసరి. అంతకంటే తక్కువ పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాల్సిందే.

లక్షణం: నిన్నమొన్నటి దాకా బాగానే చేరేవి, ఇప్పుడు చేరడం లేదు

సాంకేతికంగా అన్నీ సరిగ్గా ఉంటే, అందుకునేవారు విసిగిపోయారని అర్థం. జీమెయిల్‌కు మన మెయిళ్లు ఎలా చేరుతున్నాయో చూపే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్ నమోదు చేసి స్పామ్ ఫిర్యాదుల రేటు చూడండి. అది 0.1 శాతం లోపే ఉండాలి, 0.3 శాతానికి చేరనే కూడదు. అంటే ఇన్‌బాక్స్‌కు చేరిన ప్రతి వెయ్యి మెయిళ్లకు ముగ్గురు స్పామ్ బటన్ నొక్కితే చాలు, హద్దు తగిలినట్టే.

దీనికి మూలం చాలాసార్లు కొన్న జాబితా. హనుమకొండ, కరీంనగర్ వ్యాపారుల చిరునామాలంటూ ఎవరైనా ఫైలు అమ్మజూపితే దయచేసి కొనకండి. అందులోని మనుషులు మిమ్మల్ని ఎరగరు, మీ మెయిల్ అడగలేదు. పైగా వాటిలో స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే పెట్టిన, మనుషులెవరూ వాడని ఉచ్చు చిరునామాలు కలిసి ఉండవచ్చు. వాటికి మెయిల్ వెళ్తే స్పామ్‌హాస్ వంటి నిరోధక జాబితాలకు ఎక్కుతారు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 కూడా సమ్మతి స్పష్టంగా ఉండాలంటుంది, ఇచ్చినంత సులభంగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది.

అందుకే అన్‌సబ్‌స్క్రైబ్ లింకును లేత బూడిద రంగు చిన్న అక్షరాల్లో దాచడం నాకు బాధ కలిగిస్తుంది. వెళ్లాలనుకున్నవారికి వాకిలి కనిపించకపోతే స్పామ్ బటనే నొక్కుతారు. పెద్ద ఎత్తున పంపేవారు ఒక్క నొక్కుతో తప్పుకునే ఏర్పాటును మెయిల్ హెడర్‌లోనే (మెయిల్‌తో పాటు వెళ్లే సాంకేతిక వివరాల భాగంలో) పెట్టాలి, వద్దన్నవారిని రెండు రోజుల్లో తీసేయాలి. ఏడాదిగా స్పందించని వారికి "ఇంకా పంపమంటారా?" అని ఒక్కసారి అడిగి, జవాబు రాకపోతే వదిలేయండి. ఇక్కడ తెరిచినవారి లెక్కను నమ్మకండి. మెయిల్‌లో దాచిన చిన్న చిత్రం దిగితే తెరిచినట్టు లెక్కిస్తారు. 2021 నుంచి యాపిల్ మెయిల్ గోప్యతా సదుపాయం చిత్రాలను ముందే దించుకుంటోంది కాబట్టి, చదవని మెయిల్ కూడా తెరిచినట్టే నమోదవుతుంది. లింకు నొక్కారా, జవాబిచ్చారా, కొన్నారా అన్నదే చూడండి.

లక్షణం: బతుకమ్మ ఆఫర్ ఒకేరోజు వేలమందికి పంపగానే అన్నీ ఆగిపోయాయి

కొత్త డొమైన్ హఠాత్తుగా వేల మెయిళ్లు కుమ్మరిస్తే మెయిల్ సంస్థలు అనుమానిస్తాయి. పండుగకు నెలన్నర ముందే మొదలుపెట్టండి. తప్పక జవాబిచ్చే పాత ఖాతాదారులకు ముందు పంపి, కొన్ని రోజులకోసారి సంఖ్య పెంచండి.

లక్షణం: మెయిళ్లు తిరిగి వస్తున్నాయి

తిరిగొచ్చిన మెయిల్‌లో ఉండే లోపం అంకె చూడండి. 4తో మొదలైతే తాత్కాలికం, వేగం తగ్గించి మళ్లీ ప్రయత్నించవచ్చు. 5తో మొదలైతే శాశ్వతం. 5.1.1 అంటే అలాంటి ఖాతా లేదు, వెంటనే తొలగించాలి. 5.7.26 వస్తే పైన చెప్పిన ఎస్‌పీఎఫ్, డీకిమ్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

లక్షణం: మెయిల్ సగంలో తెగిపోయి కనిపిస్తోంది

102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను జీమెయిల్ కత్తిరిస్తుంది. అప్పుడు అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా కనుమరుగవుతుంది. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. యూనికోడ్ యూటీఎఫ్-8లో ఆంగ్ల అక్షరానికి ఒక బైట్ చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు కావాలి. 'స్త్రీ' అని రాస్తే ఆరు గుర్తులు, 18 బైట్లు. దానికి డిజైన్ పరికరాలు చేర్చే కోడ్ తోడైతే హద్దు త్వరగా వస్తుంది. అలాగని వార్తంతా ఒకే పోస్టర్ బొమ్మగా పెట్టకండి. బొమ్మలు తెరుచుకోని ఫోన్లో ఖాళీ గడి మాత్రమే మిగులుతుంది. మాటలు తగ్గించండి, తెలుగును వదలకండి.

కొత్తవాడ ఇంటివారు రికార్డు సరిచేశాక మొదట నలభై మందికే పంపారు. ఇప్పుడు వారి బిల్లు పుస్తకంలో కొత్తగా ఒక గడి చేరింది: "కొత్త దర్రీలు వచ్చినప్పుడు మెయిల్ పంపమంటారా?" అవునన్నవారి చిరునామాను అక్కడే ఒకసారి చదివి వినిపించి, సరిచూసి రాసుకుంటున్నారు.