ఆటిజం ఉన్నవారి కోసం సభ సమాచార పత్రం ఎలా రాయాలి?

గోల భరించలేనివాళ్లు కాసేపు కూర్చోవడానికని హాలు వెనక గదిలో రెండు బీన్‌బ్యాగులు పడేసి, "మా సభ ఆటిజం ఉన్నవారికీ అనుకూలం" అని ప్రకటించేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను. ఆ గది ఉందని వచ్చేవాళ్లకు తెలియకపోతే అది స్టోరు రూమే. ఎక్కడ ఏముందో, ఏది తర్వాత ఏది జరుగుతుందో ముందే తెలియడం ఆటిజం ఉన్న చాలామందికి ముఖ్యం. ముందు ఆ సమాచారం కాగితం మీద ఇవ్వండి, బీన్‌బ్యాగుల సంగతి తర్వాత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది కాబట్టి, ఇదేదో మన దయ అనుకోనక్కర్లేదు.

ఉగాది సభనే తీసుకుందాం. కావలసింది ఒక ఫోను, ఒక కాగితం. సభకు ముందే ఒకరోజు, సభ జరిగే వేళకే హాలుకు వెళ్లి గేటు, చెప్పులు విడిచే చోటు, కుర్చీలు, టాయిలెట్, భోజనాలకు వరసలో నిలబడే చోటు, బయటికి పోయే దారి ఫొటోలు తీయండి. కార్టూన్లు వద్దు. "పిల్లల కోసం" అని రాయొద్దు. పద్దెనిమిదేళ్లు నిండగానే ఆటిజం పోదు. ఒకే పేజీ, రెండు వైపులా. మూడు పేజీలది నేను ఒప్పుకోను.

ఇక అందరూ బోల్తా పడేది వేళల దగ్గర.

ఒకసారి నేనే "6.40: కూచిపూడి" అని రాశాను. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. 6.41కి ఒక యువకుడు నా కాగితం పట్టుకుని వచ్చి, "కూచిపూడి ఏదండీ?" అన్నాడు. "ఇదిగో, ఇప్పుడే" అన్నాను. ఐదు నిమిషాలకు మళ్లీ అడిగాడు, మళ్లీ అదే చెప్పాను. ఏడింటికి చెవులు మూసుకుని వెళ్లిపోయాడు. ఆలస్యం ఒక దెబ్బైతే, నా "ఇప్పుడే" రెండోది.

అప్పట్నుంచి గడియారం కంటే వరసకే విలువ ఇస్తున్నాను. జ్యోతి ప్రజ్వలన, పంచాంగ శ్రవణం, సన్మానం, కూచిపూడి, భోజనం: ఈ వరస మారదు. వేళ తెలియని చోట, ఆ ఖాళీలో ఏం జరుగుతుందో రాయాలి: "6.00, 6.40 మధ్య మొదలవుతుంది. అప్పటిదాకా మైకులో పాటలు వస్తాయి. బయట కూర్చోవచ్చు, మొదలయ్యే ముందు ఫోనుకు మెసేజ్ పంపుతాం." సన్మానాలెన్నో లెక్కపెట్టి రాయండి. ఎనిమిది శాలువాలంటే ఎనిమిదిసార్లు చప్పట్లు. "తదితర సాంస్కృతిక కార్యక్రమాలు" అన్న మాట కనిపిస్తే కొట్టేయండి. ఆ "తదితర"లోనే డప్పులుంటాయి, టపాకాయలుంటాయి.

కొందరు వీడియో చేస్తే చాలంటారు. వీడియోలో టాయిలెట్ ఎక్కడుందో వెతకడానికి ఎన్నిసార్లు వెనక్కి తిప్పుతారు? కాగితం జేబులో ఉంటుంది.

మిగిలింది సులువే. డప్పులు ఎక్కడ, ఎంతసేపు. స్టేజీ లైట్లు మిణుకుతాయా. మధ్యలో లేచి వెళ్లి మళ్లీ రావచ్చా. సాయం కావాలంటే ఏ రంగు చొక్కా వాళ్లను అడగాలి. వారం ముందే వాట్సాప్‌లో పెట్టండి, గేటు దగ్గర కొన్ని ప్రింట్లు ఉంచండి. ఏదైనా మారితే, మారింది మాత్రమే వేరే మెసేజ్‌గా పంపండి.

"ఉగాది పచ్చడి వద్దనవచ్చు, ఎవరూ బలవంతం చేయరు" అని కూడా రాస్తాం కదా. ఆ ముక్క పచ్చడి పంచే అత్తయ్యలకు ముందే చెప్పి ఉంచండి.